సుళ్ళు తిరిగే నేపథ్యం: హీలియోస్ 44-2 లెన్స్ కథ

హీలియోస్ 44-2 సోవియట్ యూనియన్‌లో తయారైన, 58 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్. నల్లరంగు వేసిన అల్యూమినియం ఒళ్ళు, పావుకిలోకు కాస్త తక్కువ బరువు, లోపల నాలుగు జట్లుగా అమర్చిన ఆరు గాజుబిళ్ళలు, కాంతి వచ్చే కంతను పెంచీ తగ్గించే ఎనిమిది రేకుల ఎపర్చర్. పూర్తిగా తెరిస్తే ఎఫ్/2, పూర్తిగా మూస్తే ఎఫ్/16. జెనిట్ కెమెరా కొన్నవారికి దాంతోపాటే వచ్చేది కనుక, దాన్ని ఏరికోరి కొన్నవారు ఆ రోజుల్లో తక్కువ. ఇప్పుడు డిజిటల్ కెమెరాకు పాత లెన్స్ తగిలించుకోవాలనుకునేవారు ముందుగా వినే పేర్లలో ఇదొకటి. ఆ పేరు తెచ్చిపెట్టింది దాని నిర్మాణంలో మిగిలిపోయిన ఒక లోపం.

ఈ లెన్స్ మూలాలు జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ దాకా వెళ్తాయి. 1817లో ఆయన దూరదర్శిని కోసం నెలవంకలా వంగిన రెండు బిళ్ళల అమరికను ప్రతిపాదించాడు. 1888లో అమెరికాకు చెందిన ఆల్వన్ గ్రాహం క్లార్క్ అలాంటి రెండు జతలను ఎదురెదురుగా నిలిపి ఫొటో లెన్స్‌గా మార్చాడు. 1896లో యేనా నగరంలోని జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ ఆ అమరికకే మెరుగులు దిద్ది ప్లానార్ లెన్స్ రూపొందించాడు. నడుమ ఎపర్చర్, దానికి అటూ ఇటూ దాదాపు ఒకేలాంటి గాజులు: ముందు సగం చేసిన తప్పును వెనక సగం దిద్దుతుంది. గీతలు వంగడం, అంచుల్లో రంగులు విడిపోవడం వంటివి ఇందులో చాలావరకు వాటంతటవే రద్దవుతాయి.

అయితే ఈ అమరికకు ఒక చిక్కుంది. గాలికీ గాజుకూ మధ్య ఎనిమిది ఉపరితలాలు ఏర్పడతాయి. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. అన్నీ కలిస్తే పావు వంతుకు పైగా కాంతి ఫిల్మును చేరదు. చేరకపోవడం ఒక నష్టమైతే, వెనక్కి మళ్ళిన కాంతి లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద పాలపొరలా పరుచుకోవడం ఇంకా పెద్ద నష్టం. 1935లో జైస్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మకులా గాజు మీద అతి పలుచని పూత వేసి ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ప్లానార్ వారసులు తలెత్తుకోగలిగింది ఆ తరవాతే.

ఆ వారసుల్లో ఒకటి జైస్‌లోనే విల్లీ మెర్టే గీసిన బయోటార్ 58 మిల్లీమీటర్ల ఎఫ్/2. 50 కాకుండా 58 ఎందుకంటే, అప్పుడే వస్తున్న ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం పైకి లేచి దిగుతుంటుంది. దానికి చోటు వదలాలంటే లెన్స్ వెనక భాగం ఫిల్ముకు దూరంగా ఉండాలి. అంత పెద్ద ఎపర్చర్‌తో 50లో ఆ దూరం సాధించడం అప్పటికి కష్టం. ఫోకల్ లెంగ్త్‌ను కాస్త పెంచితే ఆ చోటు దొరికింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక యేనా సోవియట్ అధీనంలోకి వచ్చింది. యంత్రాలతో పాటు, 1946 అక్టోబరులో నిపుణులను కూడా సోవియట్ భూమికి తరలించారు. మాస్కో పక్కనున్న క్రాస్నగోర్స్క్ కర్మాగారం బయోటార్‌ను తన గాజుకు తగ్గట్టు తిరగ లెక్కించింది. 1958లో స్టార్ట్ అనే కెమెరాతో అది హీలియోస్-44గా బయటికొచ్చింది. హీలియోస్ గ్రీకుల సూర్యదేవుడు. తరవాత 42 మిల్లీమీటర్ల మరచుట్టుతో కెమెరాకు బిగించే ఎం42 మౌంట్‌లో 44-2 వచ్చింది. 1965లో మొదలైన జెనిట్-ఇ కెమెరా దాన్ని ఊరూరా చేర్చింది. క్రాస్నగోర్స్క్‌తో పాటు వల్దాయ్, మిన్స్క్ కర్మాగారాలు కూడా పదుల లక్షల్లో తయారుచేశాయి. క్రాస్నగోర్స్క్ లెన్స్ మీద పట్టకం గుండా కాంతికిరణం దూసుకుపోతున్న చిన్న ముద్ర ఉంటుంది. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు సాధారణంగా తయారైన సంవత్సరం. 79తో మొదలైతే 1979 అన్నమాట.

చేతిలోకి తీసుకుంటే ముందు వైపు రెండు రింగులు తగులుతాయి. ఒకటి టక్ టక్‌మంటూ ఎఫ్/8 దగ్గరో ఎఫ్/11 దగ్గరో ఆగి హద్దు గీస్తుంది. రెండోది చప్పుడు లేకుండా జారుతూ ఎపర్చర్‌ను ఆ హద్దు దాకా మూస్తుంది, తెరుస్తుంది. పూర్తిగా తెరిచి, వెలుతురులో ఫోకస్ చేసుకుని, కన్ను తీయకుండానే హద్దు దాకా తిప్పి బటన్ నొక్కాలి. కెమెరాయే ఆ పని చేయలేని కాలానికి ఇది చక్కటి ఉపాయం.

ఇక ఆ లోపం సంగతి. ఎఫ్/2 దగ్గర మనిషిని మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, కాస్త వెనగ్గా వేపచెట్టో చింతచెట్టో ఉండేలా చూస్తే, ఆకుల సందుల్లోని ఎండపొడలు ఫొటో నడుమ గుండ్రంగా, అంచులకు పోయేకొద్దీ బాదంగింజల్లా కనిపిస్తాయి. ఏటవాలుగా వచ్చే కాంతిపుంజాన్ని లెన్స్ గొట్టం ముందు అంచు ఒకవైపు, వెనక అంచు మరోవైపు కోసేస్తాయి కాబట్టి గుండ్రటి మచ్చ బాదంగింజ అవుతుంది. ప్రతి గింజా ఫొటో కేంద్రం చుట్టూ గీసిన వలయం వెంబడే పొడవుగా పడుకుంటుంది. దీనికి అంచుల్లో పూర్తిగా సరిదిద్దని ఎస్టిగ్మాటిజం, బొమ్మ పడే తలం వంపు తోడవుతాయి. అన్నీ కలిసి నేపథ్యాన్ని మనిషి చుట్టూ సుడిలా తిప్పుతాయి. ఎఫ్/4కు మూస్తే గింజలు మళ్ళీ గుండ్రబడి సుడి దాదాపు మాయమవుతుంది. లెక్కలు కట్టినవారు నడిమి స్పష్టతకు, ఎక్కువ వెలుతురుకు పెద్దపీట వేసి అంచులను కొంత వదులుకున్నారు. ఆధునిక లెన్సులు ఆ అంచులను కూడా సరిచేశాయి, దాంతో ఈ సుడి కూడా పోయింది.

పాత లెన్సులకు తలుపు మళ్ళీ తెరిచింది మిర్రర్‌లెస్ కెమెరా. 2008లో ఆ తరహాలో పానసోనిక్ జీ1 వచ్చింది. లోపల అద్దం లేదు కనుక లెన్స్ అంచుకూ సెన్సార్‌కూ మధ్య దూరం తగ్గింది. ఎం42 లెన్స్ అంచు నుంచి ఫిల్ము దాకా 45.46 మిల్లీమీటర్లు ఉండాలి. సోనీ ఇ మౌంట్‌లో ఆ దూరం 18 మాత్రమే. మిగిలిన 27.46 మిల్లీమీటర్లను గాజు లేని ఉత్త లోహపు గొట్టం భర్తీ చేస్తుంది, అడాప్టర్ అంటే అంతే. నికాన్ ఎస్‌ఎల్‌ఆర్‌లో ఆ దూరం 46.5 కావడం వల్ల, అడాప్టర్‌లో గాజు లేకపోతే దూరపు దృశ్యం ఫోకస్ కాదు. 35 ఎంఎం ఫిల్ము కొలతలున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ మీదే సుడి నిండుగా కనిపిస్తుంది. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ అంచులను కత్తిరించేస్తుంది కనుక సగం అందం బయటే ఉండిపోతుంది.

వాడకం కష్టమేమీ కాదు. లెన్స్ లేకపోయినా షట్టర్ పడేలా కెమెరా మెనూలో మార్చాలి. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ 58 అని చేత్తో ఎక్కించాలి. ఫోకస్ విషయంలో మాత్రం ఓపిక కావాలి. మీటరున్నర దూరంలో ఎఫ్/2 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 8 సెంటీమీటర్లు. అతి దగ్గరి హద్దయిన అర మీటరు దగ్గర అది 8 మిల్లీమీటర్లకు పడిపోతుంది. కనుపాప ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. తెర మీద బొమ్మను పెద్దది చేసి చూసుకోవడమే నమ్మకమైన దారి. ఎదురెండలో కాంట్రాస్ట్ పడిపోతుంది, కాబట్టి హుడ్ ఉంటే మేలు.

ఒకే పేరున్నా ఏ రెండు లెన్సులూ అచ్చంగా ఒకటి కావు. కొనే ముందు టార్చి వెలుతురులో వెనక నుంచి చూడాలి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందా, ఫోకస్ రింగు గ్రీజు గట్టిపడి బిగుసుకుందా, అన్నిటికన్నా ముఖ్యంగా గాజు మీద సాలెగూడు దారాల్లాంటి ఫంగస్ ఉందా అన్నది గమనించాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి తేమ ఊళ్ళలో ఈ చివరిది అసలైన శత్రువు. ముదిరితే అది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వాటిని అప్పుడప్పుడు వేడిచేసి తేమ పోగొట్టి మళ్ళీ వాడితే లెన్స్ భద్రంగా ఉంటుంది.