మీకు తెలుసా? జట్టు ఒకటే, కార్లు రెండు: ముందు ఎవరు?

భివండి పద్మనగర్‌లో స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాల్లో చాలామందికి కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు ఇంకా చుట్టరికాలున్నాయి. అందుకే హైదరాబాద్‌లో ఏది జరిగినా ఆ కబురు ఇక్కడి సాంచెల (మరమగ్గాల) దాకా వస్తుంది. కారు పందేల్లో ఒక జట్టు తన ఇద్దరు డ్రైవర్లలో ఒకరికే కొమ్ముకాయవచ్చా అనే పాత తగవును కూడా హైదరాబాద్ నుంచే మొదలుపెడదాం.

సొంత జట్టు కారే వచ్చి గుద్దింది, అదీ హుస్సేన్ సాగర్ ఒడ్డున. తెలుసా?

2023 ఫిబ్రవరి 11న భారతదేశంలో తొలి ఫార్ములా ఈ పందెం హైదరాబాద్‌లో జరిగింది. అన్నీ విద్యుత్ కార్లు. వీధుల్లోనే వేసిన ట్రాక్ పొడవు 2.83 కిలోమీటర్లు. అందరికంటే ముందు నుంచి బయలుదేరింది జాగ్వార్ జట్టు డ్రైవర్ మిచ్ ఎవాన్స్. పందెం నడుస్తుండగా ఒక ఇరుకు మలుపులో అదే జట్టులోని శామ్ బర్డ్ కారు వచ్చి ఎవాన్స్‌ను గుద్దింది. ఇద్దరి పందెమూ అక్కడితో ముగిసింది. గెలుపు జాన్ ఎరిక్ వెర్న్‌కు దక్కింది. సీజన్ చివర్లో జట్ల పట్టికలో జాగ్వార్‌కు 292 పాయింట్లు, ఎన్విజన్‌కు 304. ఎన్విజన్ కార్లలో ఉన్నది జాగ్వార్ అమ్మిన మోటారే. ఒక్క గెలుపుకు 25 పాయింట్లు వచ్చే ఆటలో 12 పాయింట్ల తేడాతో వెనకబడటం ఎంత బాధో ఆ జట్టునే అడగాలి.

కార్ల వరుస మార్చినా జట్టు మొత్తం మారదని తెలుసా?

ఇక ఫార్ములా వన్ పందేలకు వద్దాం. అక్కడ ఏటా రెండు టైటిళ్లుంటాయి. ఒకటి డ్రైవర్‌ది, రెండోది జట్టుది. ఇద్దరి పాయింట్లూ కలిపితే జట్టు లెక్క. ఒకే జట్టువాళ్లు మొదటి రెండు స్థానాల్లో ఉన్నప్పుడు ఎవరు ముందు వచ్చినా ఆ మొత్తం ఒకటే. అంటే అలాంటప్పుడు 'నువ్వు తప్పుకో, వాణ్ణి ముందుకు పోనీ' అనే ఆజ్ఞతో జట్టు ఖాతాలో ఒక్క పాయింటు కూడా పెరగదు. అది ఒక మనిషి నుంచి తీసి ఇంకో మనిషికి ఇవ్వడమే. ఈ తగవంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఒకాయన తన కారునే ఇచ్చేశాడు

1956 ఇటలీ పందెంలో ఫెరారీ డ్రైవర్ ఫాంజియో కారు చెడిపోయింది. అదే జట్టులోని పీటర్ కాలిన్స్‌కు అప్పటికి 24 ఏళ్లు, టైటిల్ గెలిచే అవకాశం తనకూ ఉంది. అయినా తన కారు దిగి ఫాంజియోను ఎక్కించాడు. ఆ రోజుల్లో నిబంధనలు దానికి ఒప్పుకునేవి. టైటిల్ ఫాంజియోది అయింది. కాలిన్స్ 1958లో జర్మనీ పందెంలో చనిపోయాడు. ఆయన ఎప్పుడూ ఛాంపియన్ కాలేదు. ఇచ్చినవాడు తన మనసుతో ఇస్తే అది త్యాగం. అదే పనిని రేడియోలో ఆజ్ఞాపించి చేయిస్తే ఆ పేరు పెట్టలేం.

అవసరమే లేని ఆజ్ఞ కూడా ఒకటుంది, తెలుసా?

2002 మే 12, ఆస్ట్రియా. ఫెరారీ డ్రైవర్ బారికెల్లో దాదాపు పందెమంతా ముందున్నాడు. ముగింపు గీతకు కొద్ది మీటర్ల ముందు జట్టు ఆజ్ఞ మేరకు వేగం తగ్గించి, అదే జట్టులోని షూమాకర్‌ను పోనిచ్చాడు. తేడా 0.182 సెకన్లు. జనం ఈలలు వేసి గేలి చేశారు. షూమాకర్ సిగ్గుపడి బహుమతుల వేదిక పైమెట్టు మీద బారికెల్లోను నిలబెట్టాడు. ఆ వేదిక మర్యాద తప్పినందుకే 10 లక్షల డాలర్ల జరిమానా పడింది, అందులోనూ సగం వాయిదా వేశారు. స్థానాల మార్పిడికి మాత్రం శిక్ష లేదు. అప్పటికి అది తప్పని ఏ నిబంధనా చెప్పలేదు మరి.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ మార్పిడితో షూమాకర్‌కు అదనంగా వచ్చినవి 4 పాయింట్లు. ఏడాది చివరికి ఆయనకు 144, రెండో స్థానంలో నిలిచిన బారికెల్లోకు 77. 17 పందేల సీజన్‌లో 11వ పందేనికే టైటిల్ ఖాయమైపోయింది. ఆరో పందెంలో ఒక మనిషి గెలుపు లాక్కోవడానికి కారణమే లేదు. నా దృష్టిలో ఇది ఈ ఆటలో జరిగిన పెద్ద అన్యాయాల్లో ఒకటి.

నిషేధిస్తే ఏమైంది?

ఆ ఏడాదే పందెం ఫలితాన్ని మార్చే జట్టు ఆజ్ఞలను నిషేధించారు. ఆజ్ఞలు ఆగలేదు, చాటుకు వెళ్లాయి. 2010 జర్మనీలో ఫెరారీ డ్రైవర్ మాసాకు అతని ఇంజనీరు రేడియోలో, అదే జట్టులోని అలోన్సో నీకంటే వేగంగా ఉన్నాడని మాత్రమే చెప్పాడు. అర్థం అందరికీ తెలిసింది. మాసా పక్కకు జరిగాడు, ఫెరారీ లక్ష డాలర్లు కట్టింది. సరిగ్గా ఏడాది కిందట, 2009 జూలై 25న, హంగరీలో తలకు స్ప్రింగు తగిలి చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి ఆ మాసా. 2011 నుంచి నిషేధం ఎత్తేశారు. ఎత్తేయడమే మేలైంది. దాచిన ఆజ్ఞ కంటే చూసేవాళ్లందరికీ వినబడే ఆజ్ఞ నయం.

ఆ 2010లోనే పక్షపాతం చూపనందుకే టైటిల్ వచ్చిందని తెలుసా?

2010లో బ్రెజిల్ పందెం తర్వాత ఒక్కటే మిగులుతుంది. పట్టికలో రెడ్ బుల్ డ్రైవర్లలో వెబర్ ముందు, వెటెల్ వెనక. వెటెల్ గెలుపును వెబర్‌కు ఇప్పించమని చాలామంది సలహా ఇచ్చారు. జట్టు ఒప్పుకోలేదు, బ్రెజిల్‌లో వెటెల్ గెలిచాడు, వెబర్ రెండో స్థానం. చివరికి వెటెల్‌కు 256, అలోన్సోకు 252, వెబర్‌కు 242. ఆ రోజు స్థానాలు మార్చి ఉంటే గెలుపుకు, రెండో స్థానానికి మధ్య ఉన్న 7 పాయింట్లు చేతులు మారేవి. వెటెల్ 249, వెబర్ 249. టైటిల్ అలోన్సో ఎత్తుకుపోయేవాడు.

అలాగని రెడ్ బుల్ ధర్మరాజేమీ కాదు. అదే ఏడాది జూలైలో సిల్వర్‌స్టోన్‌లో వెటెల్ కారు కొత్త ముందు రెక్క విరిగితే, వెబర్ కారుకున్నది విప్పి అతనికి బిగించారు. వెబర్ పాత రెక్కతోనే పందెం గెలిచాడు.

భివండిలో సాంచె నడిపేవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. కూలీ మీటరు లెక్కన. మంచి నూలు భీము ఎవరి సాంచెకు ఎక్కించాలో శేట్ చేతిలో ఉంటుంది. బలం లేని నూలు వచ్చినవాడికి పోగు తెగుతూ ఉంటుంది, తెగినప్పుడల్లా సాంచె ఆగుతుంది, ఆగినంతసేపూ కూలీ ఆగుతుంది. నెలాఖరున 'వాడు ఎక్కువ నేశాడు, నువ్వు తక్కువ నేశావు' అంటే ఆ పోలికకు విలువేముంది? రేడియో ఆజ్ఞ కనీసం చెవికి వినబడుతుంది. సామానులో చూపే పక్షపాతం అలా బయటపడదు, అందుకే నాకు అదే పెద్ద తప్పుగా తోస్తుంది.

ఇద్దర్నీ సమానంగా చూసి ఓడినవాళ్లూ ఉన్నారు

2007లో మెక్‌లారెన్ డ్రైవర్లు హామిల్టన్, అలోన్సో ఏడాది పొడవునా కొట్టుకున్నారు. ఇద్దరికీ 109 చొప్పున వచ్చాయి. ఫెరారీ రైకొనెన్ 110తో ఛాంపియన్ అయ్యాడు. ఆఖరి పందెం బ్రెజిల్‌లో. తన సొంత ఊరు సావో పాలోలో ముందున్న మాసా, పందెం మధ్యలో కారు ఆపే పిట్ ఆగుడుల్లో రైకొనెన్‌కు దారిచ్చాడు. మాసాకు అప్పటికి టైటిల్ ఆశ లేదు. కాబట్టి దాన్ని నేను తప్పుపట్టను. ఒకరికి లెక్క ప్రకారం అవకాశం పోయాకే రెండోవారికి సాయం అడగాలి, సీజన్ మొదట్లోనే ఇద్దరికీ ఆ మాట చెప్పి ఉంచాలి. ఆ గీత దాటకముందు అడిగేది ఏదైనా దోపిడీ.

మన దేశం పేరు పెట్టుకున్న జట్టులో?

విజయ్ మాల్యా ఫోర్స్ ఇండియా 2017లో ఈ చిక్కులోనే పడింది. కెనడాలో ముందున్న వేరే జట్టు డ్రైవర్ రికార్డోను దాటడానికి తన డ్రైవర్ ఓకాన్‌కు అవకాశమివ్వమని జట్టు తన రెండో డ్రైవర్ పెరెజ్‌ను అడిగింది. పెరెజ్ వినలేదు. ఐదు, ఆరు స్థానాలతో సరిపెట్టుకున్నారు. తర్వాత బాకూలో ఇద్దరూ ఢీకొన్నారు. బెల్జియంలో ఒకే పందెంలో రెండుసార్లు. ఆ పైన జట్టు ఇద్దరి మధ్య పోటీకే కళ్లెం వేసింది. ఏడాది చివరికి పెరెజ్‌కు 100, ఓకాన్‌కు 87, జట్టుకు నాలుగో స్థానం. అడిగిన మాటకు విలువ లేకపోతే సమానత్వం కూడా నిలవదని ఈ జట్టు చూపించింది.

మూడు పాయింట్లతో ప్రపంచ టైటిల్

2025 సెప్టెంబర్, మోంజా. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న మెక్‌లారెన్ డ్రైవర్ పియాస్ట్రీ, పిట్‌లో అదే జట్టులోని నారిస్ కారు చక్రం మార్చడం ఆలస్యమైనందువల్ల అతనికంటే ముందుకొచ్చాడు. జట్టు అడిగితే రెండో స్థానం నారిస్‌కు తిరిగిచ్చాడు. డిసెంబర్‌లో సీజన్ ముగిసేసరికి నారిస్‌కు 423, వేరే జట్టు డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కు 421, పియాస్ట్రీకి 410. ఆ రోజు చేతులు మారిన 3 పాయింట్లు లేకపోతే నారిస్ 420 దగ్గర ఆగేవాడు. జట్టు తన తప్పును తానే దిద్దుకుంది కాబట్టి దీన్ని పక్షపాతం అనలేం అని కొందరంటారు. చక్రం ఆలస్యం కావడం కూడా పందెంలో భాగమేనని పియాస్ట్రీ ఆ రోజే రేడియోలో అన్నాడు. నేను పియాస్ట్రీ వైపే.