తోటల మధ్య రైలు ఎక్కడ ఆగాలి?

తిరువూరుకు రైలు లేదు. ఊరి చుట్టూ మామిడి మాత్రం ఉంది: చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ. వేసవి వస్తే కాయ లారీలెక్కి విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కు పోతుంది. కాయ కోసం వ్యాపారులు వస్తారు, తోట చూడాలని వచ్చేవాళ్లు తక్కువ. అమెరికాలోని నాపా లోయలో ద్రాక్షతోటల మధ్య పాతకాలపు రైలు నడుస్తోందని చదివినప్పుడు, ఇక్కడా అలాంటిదొకటి ఉంటే బాగుండుననిపించడం సహజం. ఆ రైలుతో పండించే వాడికి మేలు జరగాలంటే పెట్టెల అందం కన్నా ముందు తేల్చుకోవలసింది అది ఎక్కడ ఆగాలన్నదే. నాపా రైలు 1989లో మొదలైంది. 1915 నాటి పుల్‌మన్ పెట్టెలు, లోపలే భోజనం, వైన్, రానూపోనూ సుమారు 58 కిలోమీటర్లు. రద్దీ పెరుగుతుందని స్థానికులు గట్టిగా అడ్డుపడడంతో తొలినాళ్లలో దారిలో దిగే వీలే లేదు. ప్రయాణికులు తోటలను కిటికీలోంచి చూసి, ఎక్కినచోటికే తిరిగి వచ్చేవారు. వైన్ తయారుచేసే చోట ఆగే ఏర్పాట్లు ఆ తరువాతే వచ్చాయి.

మన దగ్గర దీనికి సాటివచ్చేది విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు. పొద్దున్నే ఎక్కితే సుమారు నాలుగు గంటల ప్రయాణం, రాత్రికి మళ్లీ విశాఖ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. అరకు చేరేలోపు ఎన్నో సొరంగాలు దాటాలి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్‌కు ఎక్కాలి. 2017 ఏప్రిల్‌లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక దీని పేరు దేశమంతా తెలిసింది. చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత పేరున్న పంటను ఆ రైలు ప్రయాణికుల్లో చాలామంది పొడి పొట్లంగానే చూస్తారు. బొర్రా గుహలకో అరకుకో దిగినవాళ్లు అనంతగిరి తోటలు చూడాలంటే మళ్లీ జీపో కారో ఎక్కవలసిందే. నవంబరు నుంచి పండు కోసి ఆరబోసే నెలల్లోనైనా రైలు వేళలకు తగ్గట్టు తోటకు తీసుకెళ్లే బండి, పండించినవాడే అమ్ముకునే చోటు ఉంటే ఆ ప్రయాణం రైతుకు అక్కరకొస్తుంది.

కారులో పోతే నచ్చిన చోటల్లా ఆగవచ్చు, రైలెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ కారు ఎప్పుడు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో రైతుకు తెలియదు. రైలు వందలమందిని చెప్పిన వేళకు చెప్పిన చోట దింపుతుంది కనుక కాయ కోసి, మాగబెట్టి సిద్ధంగా ఉంచుకోవచ్చు. మామిడి రెండు మూడు నెలల పంట, ఏడాదంతా రైలు ఎలా నడుస్తుందన్నది ఇంకా బలమైన అభ్యంతరం. దీనికి జవాబు రైలు నడిచే లైనులోనే ఉంది. మామూలు రోజుల్లో సరుకే దాన్ని పోషిస్తుంది, అరకు దారిని ఖనిజం పోషిస్తున్నట్టు. తిరువూరు పొరుగున సత్తుపల్లి దాకా వచ్చిన 54 కిలోమీటర్ల లైను కూడా బొగ్గు కోసం వేసినదే. కొండపల్లి–కొత్తగూడెం లైను కావాలన్న కోరిక ఈ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంది. ఆ లైను కోసం వినతిపత్రం రాసే ప్రజాప్రతినిధులు, రైతు సంఘాల వారు తోటల దగ్గర ఒక హాల్టును, దాని పక్కన కాయ అమ్ముకునే షెడ్డును కూడా అందులో చేర్చాలి.