'ఇంక్లైన్': ఒరుగుట, మొగ్గుట

ఆంగ్లమున 'ఇంక్లైన్' అను మాట 'వంచు, ఒరగజేయు' అను అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చినది. ఆదోని కోట కొండల ఏటవాలు ఒక ఇంక్లైన్. కంటికి ఆననిదియు కలదు: తుంగభద్ర దిగువ కాలువ నీరు ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు పారివచ్చుట స్వల్పమైన వాలు చేతనే.

మనస్సునకు అన్వయించినపుడే చిక్కు. 'ఐ యామ్ ఇంక్లైన్డ్ టు యాక్సెప్ట్' అనుట అంగీకారము కాదు. అటు మొగ్గు కలదని మాత్రమే. ఉద్యోగపు పిలుపునకు ఇట్లు బదులు వ్రాసినవారు ఇంకను ఒప్పుకొననట్లే లెక్క. తోబుట్టువైన 'డిక్లైన్' మరింత తికమక పెట్టును: ధర విషయమున తగ్గుట, ఆహ్వానము విషయమున మర్యాదగా నిరాకరించుట!

ఇచ్చట మన భాషలే నిక్కచ్చియని నా అభిప్రాయము. తెలుగున నేలకు 'వాలు', మనసునకు 'మొగ్గు'. తక్కెడలో బరువైన పళ్ళెము దిగుటయు మొగ్గే. ఉర్దూ 'ఝుకావ్' రెంటికిని చెల్లును. 'రుజ్హాన్' మాత్రము అరబ్బీలో త్రాసు ఒరుగుటను తెలుపు ధాతువునుండి పుట్టినది. ప్రత్తి తూకములు చూచి పెరిగిన ఆదోని విద్యార్థికి ఈ పోలిక వివరింప పనిలేదు.

అన్నట్లు, 'ఇంక్లైన్డ్' పిమ్మట 'టు' వ్రాయవలెను, 'ఫర్' కాదు.