పేరు చాలు, ఇంటిపేరు వద్దు

తాగుబోతు అనే మాట ఊళ్ళో అందరికీ ఒకేలా అంటదు. పెద్దకులపాయన తాగితే 'ఆయనకి ఆ అలవాటుంది' అంటారు. మాదిగాయన తాగితే 'వాళ్ళంతా అంతే' అంటారు. ఈ తేడాని పక్కనపెట్టి తాగుడు మాన్పించే పద్ధతుల గురించి మాట్లాడితే మన పేటలకి ఉపయోగం లేదు.

మా నాయిన మున్సిపాలిటీలో కాలవలు తీసేవాడు. మురుగులో దిగాలంటే ముందు గొంతులో చుక్క పడాల్సిందే. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, పని కానిచ్చుకునేవాడు. 'తాగి పన్లోకొచ్చాడు' అని జీతం కోయించేదీ ఆయనే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతో ఊపందుకున్న పోరాటం వల్ల 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. మా నాయిన సారా నుంచి క్వార్టరు సీసాకి మారాడు. అమ్మకం మీద పోరాడినవాళ్ళున్నారు గానీ, అప్పటికే జబ్బుపడ్డ మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడినవాళ్ళు మా పేటలో లేరు.

ఇది మా ఇంటి సంగతే కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం దేశంలో 5.7 కోట్ల మందికి మద్యం సమస్య నుంచి బయటపడటానికి సాయం కావాలి. మద్యానికి బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

అలాంటి సాయాల్లో ఒకటి ఆల్కహాలిక్స్ ఎనానిమస్, పొట్టిగా ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్నంలో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు ఆసరాగా నిలబడి మొదలుపెట్టారు. ఫీజు లేదు. చందా పళ్ళెం తిరుగుతుంది, ఉంటే వేస్తారు, లేకపోతే లేదు. చేరడానికి కావాల్సింది తాగుడు మానాలనే కోరిక ఒక్కటే. 2020లో 27 అధ్యయనాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, ఏఏకి చేర్చే పద్ధతిలో చికిత్స పొందినవాళ్ళలో పూర్తిగా మానినవాళ్ళు ఎక్కువని తేల్చింది.

అయితే గ్రూపు కంటే ముందు డాక్టరు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే వణుకు, చెమటలు, ఫిట్సు, లేని మనుషులు కనబడటం రావచ్చు. ప్రాణమే పోవచ్చు. 'గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే మానతాడు' అనుకోవడం ప్రమాదం. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోవాలి. గ్రూపు ఎక్కడుందో అక్కడా అడగొచ్చు. 14446 నంబరుకి ఫోను చేసీ అడగొచ్చు, డబ్బు పడదు.

మీటింగులు రెండు రకాలు. ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్ళూ వెళ్ళొచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. మొదటిసారి ఓపెన్ మీటింగుకి తోడుగా వెళ్ళడం మంచిది. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్తారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, నీతులు చెప్పరు. మాట్లాడటం ఇష్టంలేకపోతే విని రావచ్చు. కుటుంబాలకి అల్-అనాన్ అనే వేరే గ్రూపులున్నాయి.

ఏఏలో పేరు మాత్రమే చెప్పుకుంటారు. ఇంటిపేరు, ఉద్యోగం అడగరు. పరువు పోకుండా పెట్టుకున్న నియమం ఇది. మనకి మాత్రం ఇది కులం విషయం. మా నాయిన వెళ్ళిన మొదటి గ్రూపులో మీటింగయ్యాక టీ తాగుతుంటే ఒకాయన, "మీ ఇంటిపేరేంటండీ? ఏ పేట?" అన్నాడు. తిట్టలేదు, వెలేయలేదు. నాయిన టీ గ్లాసు తనే కడిగిపెట్టి వచ్చేశాడు. మూడు వారాలు గడప దాటలేదు. "ఆడ కూడా మనం మనమే అబ్బాయ్" అన్నాడు. నాలుగో వారం వేరే గ్రూపు వెతికాను. అక్కడ ఎవరూ అడగలేదు.

కాబట్టి కార్యకర్తలు గ్రూపు పేరు చెప్పి పంపించేస్తే సరిపోదు. ముందు తాము వెళ్ళి చూడాలి. ఇంటిపేరు అడుగుతున్నారా? గ్లాసులు అందరికీ ఒకటేనా? పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఎవరు ఏ విధంగా అర్థం చేసుకున్నా సరేనన్నది అందులోనే ఉంది. చర్చికి పోయేవాళ్ళకీ, బౌద్ధులకీ, నాస్తికులకీ అక్కడ చోటు దొరుకుతుందా?

దొరక్కపోతే ఇంకో దారుంది. మానాలనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చున్నా ఏఏ గ్రూపే. అయితే అది ఏ సంస్థకీ, పార్టీకీ అనుబంధంగా ఉండకూడదు. అంబేద్కర్ భవనంలో గది అడగొచ్చు, అద్దె గ్రూపే కట్టుకోవాలి. సంఘం నాయకత్వం అందులో నడవదు. సంఘంలో పెద్దలైనా అక్కడ తాగుడు మానాలనుకునే మనుషులే.

ఇలా చెప్తుంటే 'తాగుడు వ్యక్తి సమస్యేనా?' అని మిత్రులు అడుగుతారు. కాదు. మనిషిని మురుగులో దించే పని ఉన్నన్నాళ్ళూ, ఆ పనికి ఒక గుక్క ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ పనిని రద్దుచేయించే పోరాటం గ్రూపు చెయ్యదు, మనం చెయ్యాలి. కానీ ఆ పోరాటం గెలిచేదాకా మా నాయిన బతికుండాలి కదా. ఆయన మానేసి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ ఆదివారం మీటింగుకి పోతాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి టీ తనే ఇస్తాడు, పేరొక్కటే అడుగుతాడు.