సర్వసైన్యాధ్యక్షుడి మాట ఎవరిది?

2025 మే 12 రాత్రి ప్రధాని టీవీలో ఆపరేషన్ సిందూర్ గురించి మాట్లాడారు. మర్నాడు నాయుడుపేట బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "సర్వసైన్యాధ్యక్షుడంటే రాష్ట్రపతే గదా సార్? మరి యుద్ధమొస్తే ప్రధానమంత్రి మాట్లాడతాడేంది?"

చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు మన దారిలోనే ఉంది. నాయుడుపేట నుంచి గూడూరు మీదుగా నెల్లూరు వైపు వెళ్తే వెంకటాచలం మండలంలో సర్వేపల్లి వస్తుంది. శ్రీకాళహస్తి మీదుగా వెళ్తే తిరుపతి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు మొదటిది ఇంటిపేరు ఇచ్చిన ఊరు, రెండోది చిన్నప్పుడు లూథరన్ మిషన్ బడిలో చదువు చెప్పిన ఊరు. ఆయన 1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు. ఐదు నెలలు దాటాయో లేదో, అక్టోబరు 20న చైనా సేనలు సరిహద్దు దాటి వచ్చాయి. 26న దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటిస్తూ ఆయన సంతకం చేశారు.

రాజ్యాంగం 53వ అధికరణం త్రివిధ దళాల అత్యున్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికే ఇచ్చింది. అయితే 74వ అధికరణం ఆ పక్కనే మంత్రిమండలిని కూర్చోబెట్టింది. సేనల్ని ఎక్కడికి పంపాలి, ఎంతమందిని పంపాలి అన్న నిర్ణయం మంత్రులది, దానికి జవాబు చెప్పుకోవాల్సింది పార్లమెంటుకు. కాబట్టి మన రాష్ట్రపతి యుద్ధకాలంలో నోరు విప్పితే వ్యాఖ్యాత ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: ఇది మంత్రిమండలి మాటా, ఆయన సొంత మాటా?

రాధాకృష్ణన్ విషయంలో ఆ ప్రశ్న గట్టిగానే ఎదురైంది. చైనా దెబ్బ తగిలాక ఆయన తన ప్రభుత్వాన్నే తప్పుపట్టారు. ఎదుటివాళ్లను అతిగా నమ్మాం, అజాగ్రత్తగా ఉన్నాం అన్నది ఆయన మాటల సారం. రాజ్యాంగం ప్రకారం చూస్తే అది గీత దాటడమే అనేవాళ్లు ఉండొచ్చు. నాకు మాత్రం ఆయన చేసింది సరైన పనే అనిపిస్తుంది. అక్టోబరు 25న నెహ్రూ కూడా, మనం అల్లుకున్న కృత్రిమ వాతావరణంలోనే ఇన్నాళ్లూ బతికామని ఒప్పుకున్నారు. పైగా రాధాకృష్ణన్ ఏ కనుమకు ఏ బెటాలియన్ వెళ్లాలో చెప్పలేదు. చెప్పింది ఏమరుపాటు గురించి. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం నడుస్తుండగా రేడియోలో మాట్లాడినప్పుడు కూడా అంతే. భారత్ బలహీనమనీ, ఇక్కడ మతకలహాలు రేగుతాయనీ పాకిస్తాన్ వేసుకున్న లెక్క తప్పిందన్నారు తప్ప యుద్ధవ్యూహం జోలికి పోలేదు.

అమెరికా సంగతి వేరు. అక్కడ అధ్యక్షుడి చేతిలోనే సేనలుంటాయి, కాబట్టి వ్యాఖ్యాతల చూపంతా అంకె మీదే. 2007 జనవరి 10న జార్జి బుష్ ఇరాక్‌కు ఇంకో 20,000 మందికి పైగా సైనికుల్ని పంపుతున్నానన్నాడు. సొంత పార్టీ సెనేటర్ చక్ హేగెల్ వియత్నాం తర్వాత ఇంత ప్రమాదకరమైన తప్పు జరగలేదన్నాడు. ఫిబ్రవరి 16న ప్రతినిధుల సభ 246-182 ఓట్లతో ఆ నిర్ణయాన్ని తప్పుపట్టింది. మరుసటి ఏడాదికి బాగ్దాద్‌లో హింస బాగా తగ్గింది, కానీ ఇరాక్ వర్గాల మధ్య ఆశించిన రాజీ మాత్రం కుదరలేదు. ఉపన్యాసం అయిన గంటకే గెలుపనో ఓటమనో తేల్చేసినవాళ్లకు ఈ రెండూ కలిపి చూసే వీల్లేకపోయింది. 2009 డిసెంబరు 1న ఒబామా అఫ్గానిస్తాన్‌కు 30,000 మందిని పంపుతూనే 2011 జులై నుంచి వెనక్కి రప్పిస్తానంటే, మొదటి సగం నచ్చనివాళ్లు ఒకవైపు, రెండో సగం నచ్చనివాళ్లు ఇంకోవైపు నిలబడ్డారు.

అసలు ఉపన్యాసం వెనకాలే వ్యాఖ్యానం రావడమే ఒకసారి పెద్ద గొడవైంది. 1969 నవంబరు 3న నిక్సన్ వియత్నాం యుద్ధభారాన్ని మెల్లగా దక్షిణ వియత్నాం సైన్యానికి అప్పజెప్పే పథకాన్ని టీవీలో వివరించాడు. ఆయన మాట ఆగగానే టీవీ సంస్థల విశ్లేషకులు అందుకున్నారు. పది రోజులకు ఉపాధ్యక్షుడు స్పిరో ఆగ్న్యూ డి మోయిన్‌లో ఆ విశ్లేషకుల మీద విరుచుకుపడ్డాడు. ప్రజలు ఆలోచించుకునే లోపే ఎవరూ ఎన్నుకోని గుప్పెడు మంది తీర్పు చెప్పేస్తున్నారన్నది ఆయన ఆరోపణ. తొందరపాటు గురించి ఆయనన్న దాంట్లో నిజముంది. కానీ అధికారంలో ఉన్నవాడు విమర్శకుల్ని బెదిరించడానికి ఆ నిజాన్ని వాడుకోవడం నాకు మింగుడు పడదు. సైనికుల ప్రాణాలతో ముడిపడిన మాటను వెంటనే ప్రశ్నించాల్సిందే, కాకపోతే తేలిన సంగతేదో, తన అంచనా ఏదో విడదీసి చెప్పడం వ్యాఖ్యాత బాధ్యత.

బస్టాండు పెద్దాయనకు ఇదంతా చెప్పి చివరికి 1971 సంగతి చెప్పాను. ఆ డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేసినప్పుడు ఇందిరాగాంధీ కలకత్తాలో ఉన్నారు. ఢిల్లీ చేరి, అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. దేశం విన్నది ఆమె గొంతు. అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం మాత్రం బరంపురంలో పుట్టిన మన తెలుగాయన, రాష్ట్రపతి వి.వి. గిరిది.