వెనకది మారిస్తే ముందుది ఊరుకోదు
పాత జీపుకు కొత్త తరం డిఫరెన్షియల్: రోడ్డుపై లాభం, ఇసుకలో చిక్కు

నెల్లూరు: బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ తారు రోడ్డు వదిలి నాలుగు బారలు పక్కకు వెళితే చక్రం ఇసుకలో దిగుతుంది. మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి, తుమ్మలపెంట వంటి తీరగ్రామాల వైపు జీపుకు విలువ అందువల్లనే. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది.

అయితే అదే పాత జీపు హైవే ఎక్కితే యజమానికి విసుగు పుట్టిస్తుంది. ఇంజను గోల పెడుతుంది గాని బండి వేగం అందుకోదు. ఆయిలు ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. దీనికి మెకానిక్కులకు తెలిసిన విరుగుడు ఒకటి ఉంది. తరవాతి కాలపు మోడలు నుంచి వెనక డిఫరెన్షియల్ తెచ్చి పాత జీపుకు బిగించడం. పని పెద్దది కాదు. వెనకది ఒక్కటే మార్చి ముందుదాన్ని అలాగే వదిలేస్తేనే చిక్కు. రోడ్డుమీద సుఖం దొరికినా, ఏ ఇసుక కోసం జీపు కొన్నారో ఆ ఇసుకలో అది అక్కరకు రాదు.

కళ్లంలో ఎద్దులే ఉదాహరణ

కళ్లంలో వరి తొక్కించేటప్పుడు లోపలి ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది. అంచున ఉన్న ఎద్దు అదే సమయంలో పెద్ద చుట్టు తిరగాలి. మలుపులో జీపు చక్రాల సంగతీ అంతే. లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఎద్దుబండికి ఏ చక్రానికి ఆ చక్రం ఇరుసుమీద విడిగా తిరుగుతుంది కనుక ఇబ్బంది లేదు. ఇంజను తిప్పే చక్రాలకు మాత్రం ఈ సర్దుబాటు డిఫరెన్షియల్ చేసిపెట్టాలి.

దాని రెండో పని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచడం. ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పినియన్, దానికి తగిలి పెద్ద క్రౌన్ వీలు ఉంటాయి. క్రౌన్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే నిష్పత్తి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపుకు 39 పళ్ల క్రౌన్, 8 పళ్ల పినియన్, నిష్పత్తి 4.88. ఆ తరవాత వచ్చి, మహీంద్రా వారి చేతుల్లో మన దేశమంతటా తిరిగిన సీజే-3బీ మోడలుకు 43 పళ్లు, 8 పళ్లు, అంటే 5.38. డీజిలు ఇంజన్లు వచ్చాక ఇంకా తక్కువ నిష్పత్తులు వాడుకలోకి వచ్చాయి. 47 పళ్లకు 11 పళ్లుండే 4.27 అందులో ఒకటి.

అంకె పెద్దదైతే లాగుడు ఎక్కువ, వేగం తక్కువ. చిన్నదైతే వేగం ఎక్కువ, లాగుడు తక్కువ. 6.00-16 టైర్లున్న జీపు టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, 5.38 ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరగాలి. 4.27 బిగిస్తే సుమారు 1,900 చాలు. ఇంజనుకు ఊపిరాడుతుంది, గోల తగ్గుతుంది. కాని అదే లెక్కన చక్రం దగ్గర లాగే బలం అయిదో వంతు తగ్గుతుంది. ఈ మార్పు డీజిలు ఇంజనుకు నప్పినట్టు పాత పెట్రోలు ఇంజనుకు నప్పదు.

100కు 79

నాలుగు చక్రాల లివరు వేసినప్పుడు జీపులో ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. రెండు ఇరుసుల నిష్పత్తీ ఒకటే అయితేనే నాలుగు చక్రాలూ కలిసి నడుస్తాయి. వెనక 4.27 పెట్టి ముందు 5.38 ఉంచితే, వెనక చక్రాలు 100 చుట్లు తిరిగే లోపు ముందు చక్రాలకు అందేది 79 చుట్లే.

ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. ఇసుకలో అయితే వెనక చక్రాలు ముందుకు నెడుతుంటే ముందు చక్రాలు కాళ్లు తన్నిపట్టినట్టు అడ్డుపడతాయి, బండి గుంట తవ్వుకుంటుంది. గట్టి నేలమీద అయితే జారే వీలు లేక షాఫ్టులు మెలిపడతాయి. చివరకు క్రాస్ జాయింటో, ఇరుసు షాఫ్టో, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లో విరుగుతాయి.

దీన్ని తప్పించుకోవడానికి సులువైన దారి ముందు ప్రొపెల్లర్ షాఫ్టును విప్పి పక్కన పెట్టడం. అప్పుడు బండి విరగదు. కాని అది నాలుగు చక్రాల జీపు కాకుండా పోతుంది. మెత్తటి ఇసుకలో వెనక చక్రం ఒకటి ఒట్టినే తిరగడం మొదలైతే, డిఫరెన్షియల్ స్వభావం కొద్దీ రెండోది కదలకుండా నిలబడుతుంది. ఆదుకునేవి ముందు చక్రాలే. అవి లేనట్టయింది.

ఈ తీరంలో అది చిన్న విషయం కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర పెనుతుపానులు తీరం దాటాయి. రోడ్డు తెగి, ఇసుక మేటలు వేసిన రోజున పల్లెలోంచి రోగినో ముసలివాళ్లనో బయటకు తెచ్చే బండికి నాలుగు చక్రాలూ ఆడాలి.

ముల్లు తక్కువ చూపిస్తుంది

పాత జీపుల్లో స్పీడోమీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది. వెనక ఏ క్రౌన్ వేశారో దానికి తెలియదు. 5.38 తీసి 4.27 వేశాక ముల్లు 40 దగ్గర ఉంటే బండి నిజానికి 50 మీద పోతుంటుంది. 40లో ఆగడానికి పట్టే దూరంతో పోలిస్తే 50లో ఆగడానికి ఒకటిన్నర రెట్లు పైగా కావాలి. ఆ జీపులకున్నవి 9 అంగుళాల డ్రమ్ము బ్రేకులు. అందుచేత డిఫరెన్షియల్ పనితోపాటు బ్రేకుల పని, స్పీడోమీటరు సవరణ కూడా చేయించుకోవాలి.

కొనేముందు చూడవలసినవి

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, చెన్నై పుదుపేటలోనైనా పాత సామాను కొనేటప్పుడు మోడలు పేరు నమ్మి డబ్బు ఇవ్వరాదు. మునుపటి యజమాని ఏమి మార్చాడో పేరు చెప్పదు. మూత విప్పించి పళ్లు లెక్కపెట్టుకోవడమే సరైన పద్ధతి. క్రౌన్, పినియన్ జతగా అరగదీసి తయారైనవి కనుక జతగానే కొనాలి.

జీపు వెనక డిఫరెన్షియల్ బుడ్డ ఇరుసు మధ్యలో కాకుండా కుడివైపుకు ఉంటుంది. బుడ్డ మధ్యలో ఉన్న ఇరుసు తెచ్చి బిగిస్తే ప్రొపెల్లర్ షాఫ్టు వంకరగా నడిచి జాయింట్లను తినేస్తుంది. షాఫ్టు చివరి గాళ్లు కూడా లెక్కించాలి. పాతవాటిలో 10, తరవాతివాటిలో 19 కనిపిస్తాయి. ఒకదాని షాఫ్టు మరొకదానిలో దిగదు. స్పైసర్ 44 రకంలో 5.38 నుంచి 4.27కు మారడానికి లోపలి కేజీ అదే సరిపోతుంది. 3.73కు దిగాలంటే కేజీ కూడా మార్చాలి.

యుద్ధకాలపు జీపు వెనక ఇరుసులో బరువును హబ్బు బేరింగులు మోస్తాయి. షాఫ్టు విరిగినా చక్రం నిలుస్తుంది. సీజే-3బీ తరహాలో బరువు షాఫ్టుమీదే పడుతుంది. అది విరిగితే చక్రం ఊడి వచ్చే ప్రమాదం ఉంది. ఇరుసు మొత్తం మార్చేవారు ఈ తేడా తెలుసుకుని పాత షాఫ్టుల పగుళ్లు పరీక్ష చేయించుకోవాలి.

బిగింపులో తొందర పనికిరాదు. షిమ్ములు వేసి, తీసి, క్రౌన్ పంటికీ పినియన్ పంటికీ నడుమ ప్లే అంగుళంలో వెయ్యోవంతులు 5 నుంచి 10 లోపు తేవాలి. పళ్లకు రంగు పూసి తిప్పి, రాపిడి గుర్తు పంటి నడుమ పడుతున్నదో లేదో చూడాలి. ఈ శ్రమ పడకపోతే కొద్ది రోజులకే ఇరుసు కూత పెడుతుంది.

ఉప్పునీటి గండం

వేడెక్కిన ఇరుసు హఠాత్తుగా చల్లటి నీటిలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల నుంచి నీటిని లోపలకు పీలుస్తుంది. పైన గాలి పోయే బ్రీదరు మట్టితో పూడితే ఇది మరీ ఎక్కువ. ఉప్పుకయ్యలు దాటే బండికి ఇది నిత్యం ఉన్న బెడద. డ్రెయిన్ బిరడా విప్పినప్పుడు ఆయిలు మజ్జిగలా కనిపిస్తే నీరు చేరినట్టే. వెంటనే పారబోసి, హైపాయిడ్ పళ్లకు పనికొచ్చే 90 నంబరు గేరు ఆయిలు నింపాలి. బ్రీదరుకు రబ్బరు గొట్టం తగిలించి పైకి కట్టుకుంటే గండం చాలావరకు తప్పుతుంది.

ఆర్సీలో డిఫరెన్షియల్ నిష్పత్తికి గడి లేదు. అలాగని ఏమైనా చేయవచ్చుననుకోరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. ఇంజను, ఛాసిస్, చక్రాల నడుమ దూరం జోలికి పోయే పని ఏదైనా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి చేయడం క్షేమం.

పాత జీపు యజమానికి ఉన్నవి రెండు దారులు. బండి ఇక రోడ్డుమీదే తిరుగుతుందనుకుంటే వెనకది మార్చి, ముందు షాఫ్టు విప్పి, ఆ సంగతి నడిపే ప్రతివారికీ చెప్పి ఉంచాలి. ఇసుకలో దిగవలసిన బండి అయితే ముందు, వెనక రెండింటికీ ఒకే నిష్పత్తి వేయించాలి, లేదా రెండింటినీ ముట్టుకోకూడదు. ఏది చేసినా పని ముగిశాక చక్రాలు నాలుగూ జాకీలమీద లేపి, లివరు వేసి, చుట్లు లెక్క చూసుకోవాలి. ఆ లెక్క తుపానుల కాలం రాకముందే తేలితే మంచిది.