వెన్ను నుంచి పొట్టకు చేరిన యంత్రం

గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్ ముక్కలు, కాస్త జామ్, గ్లాసు నీళ్లు. పొట్ట ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చూసే పరీక్ష కోసం పెట్టే భోజనం ఇంతే. తెల్లసొనలో అతి కొద్దిగా రేడియోధార్మిక టెక్నీషియం కలుపుతారు. తిన్న వెంటనే ఒకసారి, తర్వాత నాలుగు గంటల వరకూ మధ్యమధ్యలో స్కాన్ తీస్తారు. ఆరోగ్యవంతుల పొట్టలో నాలుగో గంటకు మిగిలేది పదో వంతు లోపే. పొట్ట మందగించే గ్యాస్ట్రోపరేసిస్ అనే జబ్బు ఉన్నవారిలో అంతకంటే ఎక్కువ ఉండిపోతుంది. దారిలో అడ్డు ఏమీ ఉండదు, కండరమే సరిగా కదలదు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్, మెదడునూ పొట్టనూ కలిపే వేగస్ నరాన్నీ, పొట్టకు లయనిచ్చే కహాల్ కణాలనూ దెబ్బతీస్తే ఇలా జరగొచ్చు. చాలామందిలో కారణమే దొరకదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. వికారం, వాంతులు, పైపొట్టలో వదలని నొప్పి.

పొట్టకు విద్యుత్ లయ ఉందని 1921లో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికన్ వైద్యుడు రికార్డు చేసి చూపాడు. పొట్ట కదలికలు పైకే కనిపించేంత పల్చటి ఒక స్త్రీ చర్మం మీద ఎలక్ట్రోడ్లు పెడితే, నిమిషానికి సుమారు మూడు అలలు కనిపించాయి. గుండెకు పేస్‌మేకర్ వచ్చాక, అదే పద్ధతిలో పొట్టనూ నడిపించాలన్న ఆశ పుట్టింది. కానీ పొట్ట కండరాన్ని కదిలించాలంటే చాలాసేపు సాగే బలమైన స్పందనలు కావాలి. చర్మం కింద పెట్టే బ్యాటరీ అంత శక్తిని ఎక్కువ కాలం ఇవ్వలేదు.

అప్పుడు అక్కరకొచ్చింది నొప్పి కోసం తయారైన యంత్రం. వెన్నుపాములో నొప్పి సంకేతాలను అడ్డుకునే 'ద్వారం' ఉంటుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. రెండేళ్లకే నార్మన్ షీలీ అనే సర్జన్ నొప్పి తగ్గించడానికి ఒక రోగి వెన్నుపాము దగ్గర ఎలక్ట్రోడ్ అమర్చాడు. ఆ వరసలో మెడ్‌ట్రానిక్ కంపెనీ చేసిన ఇట్రెల్ 3 అనే పరికరమే పొట్టకు మారి 'ఎంటెరా' అయింది. పొట్ట చివరి ద్వారమైన పైలోరస్‌కు పది సెంటీమీటర్ల ఎగువన, పొట్ట కండరంలో రెండు తీగలు గుచ్చి, పెట్టెను చర్మం కింద దాస్తారు. ఐదు సెకన్లకోసారి రెండు చిన్న స్పందనలు వెళ్తాయి. ఒక్కోటి సెకనులో మూడు వేలో వంతు మాత్రమే. 2000 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మానవతా మినహాయింపు కింద దీన్ని అనుమతించింది, అదీ మందులకు లొంగని వికారం, వాంతులకు మాత్రమే.

యంత్రం పెట్టినా పొట్ట మాత్రం త్వరగా ఖాళీ కాలేదు. ఫ్రాన్స్‌లో 172 మందిపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, నాలుగు నెలలు యంత్రాన్ని నడిపి, నాలుగు నెలలు ఆపి పోల్చారు. నడిచినప్పుడు వాంతులు తగ్గాయి. పొట్ట ఖాళీ అయ్యే వేగం పెరగలేదు, జీవన నాణ్యతా మెరుగుపడలేదు. అంటే సంకేతం కండరాన్ని కాక, వేగస్ నరం గుండా మెదడును చేరి వాంతిని అణచుతూ ఉండవచ్చు. నా దృష్టిలో ఈ యంత్రం నేర్పిన గొప్ప పాఠం ఇదే: ఈ జబ్బులో బాధంతా పొట్ట మందగమనం వల్లే అనుకోవడం పొరపాటు.

అయితే నొప్పి తగ్గించడానికే పుట్టిన ఈ యంత్రం ఇక్కడ ఆ పనిని నమ్మకంగా చేయడం లేదు. నొప్పి మాత్రల సంగతి మరీ కష్టం. మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి పొట్టను ఇంకా మందగింపజేస్తాయి. వాంతులు పెరుగుతాయి, నొప్పి పెరుగుతుంది, డోసు పెంచమని రోగి బతిమాలుతాడు. ఆ సుడిలో చిక్కిన మనిషిని మందులకు అలవాటుపడ్డాడని తప్పు పట్టడం అన్యాయం. నరాల నొప్పికి ఇచ్చే నార్ట్రిప్టిలిన్ ఆశ రేపింది కానీ, కారణం తెలియని గ్యాస్ట్రోపరేసిస్ ఉన్న 130 మందిపై 2013లో వచ్చిన పరీక్షలో మొత్తం లక్షణాలను ఉత్తుత్తి మాత్ర కంటే బాగా తగ్గించలేకపోయింది. అయినా కొందరు వైద్యులు నొప్పి ముఖ్యమైన వారికి ఇలాంటి మందులను తక్కువ డోసులో వాడి చూస్తారు.

మిగతా చికిత్సలు తెలిసినవే: కొవ్వు, పీచు తగ్గించి కొద్దికొద్దిగా తినడం, షుగర్ అదుపు, మన మందుల షాపుల్లో దొరికే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్. రెండోదాన్ని దీర్ఘకాలం వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే జబ్బు రావొచ్చు కాబట్టి 2009లో ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక జోడించింది. డోంపెరిడోన్‌తో గుండె లయ మీద కన్నేయాలి. ఎండోస్కోపీతో పైలోరస్ కండరాన్ని కోసే పద్ధతి 2013 నుంచి వాడుకలోకి వచ్చింది.

ఎంటెరాను శాశ్వతంగా అమర్చే ఆపరేషన్‌కు ముందు కొన్ని కేంద్రాల్లో ఎండోస్కోపీతో తాత్కాలిక తీగ పెట్టి కొద్ది రోజులు చూస్తారు. ఆ రోజుల్లో వాంతుల లెక్కతో పాటు నొప్పి ఎంత ఉందో విడిగా రాసుకోవాలి. వాంతులు తగ్గి నొప్పి మిగిలితే, దానికి వేరే వైద్యం అడగడానికి ఆ కాగితమే ఆధారం.